ఓటరు గడప దాటనిదెందుకు?
కారణం తెలిశాకే ప్రచారం చేయాలంటున్న అధ్యయనాలు

హైదరాబాద్: ఎన్నికల తేదీలు వెలువడింది మొదలు నగరంలో ఓటరు చైతన్య కార్యక్రమాల సందడి కనిపిస్తుంది. కూడళ్లలో మానవహారాలు, తెల్లవారుజామున 2కే పరుగులు, కళాశాలల్లో ప్రతిజ్ఞలు, ముగ్గుల పోటీలు, సినీ ప్రముఖుల వీడియోలు... ప్రచారానికి కొరత ఉండదు. పోలింగ్ నాటి సాయంత్రానికి మాత్రం లెక్క మళ్లీ సగం దగ్గరే ఆగుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో 44.84 శాతం పోలింగ్ నమోదైంది. 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ ఎన్నికల్లో 46.55 శాతం మందే ఓటేశారు. 2024 మే 13న హైదరాబాద్‌లో 48.48, సికింద్రాబాద్‌లో 49.04 శాతం నమోదైంది. 2025 నవంబరులో జరిగిన జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలోనూ పోలింగ్ సుమారు 48.5 శాతం వద్దే నిలిచింది.

2024లో తెలంగాణ మొత్తం మీద పోలింగ్ 65.67 శాతం. నగరాన్ని ఆనుకుని ఉన్న భువనగిరి నియోజకవర్గంలో అది 76.78 శాతం. ప్రభుత్వం ఒకటే, చట్టం ఒకటే, టీవీల్లో వచ్చిన ప్రకటనలూ ఒకటే. అయినా ఫలితంలో ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. నగరవాసికి బాధ్యత లేదని నిందించి ఊరుకోవడం తేలిక. ఆయన ఆ రోజు ఎందుకు రాలేదో అడిగి తెలుసుకుని, దాన్నిబట్టి ప్రచారాన్ని రూపొందించడమే ప్రయోజనకరమని దేశ విదేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

నష్టపోయేది ఎవరు?

పోలింగ్ శాతం తగ్గితే వచ్చే నష్టం అంకెలకే పరిమితం కాదు. ఓటేయనివారు అన్ని వర్గాల్లోనూ సమానంగా ఉంటే ఫలితంపై దాని ప్రభావం తక్కువ. అలా జరగదు. రోజు కూలి పోతుందని రాలేనివారు, అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ పేరు గల్లంతయ్యేవారు, మెట్లెక్కలేని వృద్ధులు, పని కోసం ఊరు విడిచినవారే ఎక్కువగా మిగిలిపోతారు. వారు ఓటర్లుగా కనిపించకపోతే తాగునీరు, మురుగు కాల్వ, బడి, రేషను వంటి సమస్యలు అభ్యర్థుల ప్రాధాన్యంలో వెనక్కిపోతాయి. అందువల్ల ఏ వర్గం, ఏ కారణంతో దూరమవుతోందన్నది తెలుసుకోవడం మొత్తం శాతం తెలుసుకోవడం కంటే ముఖ్యం.

2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశవ్యాప్తంగా దాదాపు 29.7 కోట్ల మంది ఓటర్లు ఓటేయలేదని కేంద్ర ఎన్నికల సంఘం లెక్కగట్టింది. జాతీయ సగటు అయిన 67.4 శాతానికి దిగువన ఉన్న 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో తెలంగాణ కూడా ఉంది. 2024 ఏప్రిల్ 5న ప్రధాన నగరాల మున్సిపల్ కమిషనర్లతోనూ, బిహార్, ఉత్తర్‌ప్రదేశ్‌లకు చెందిన జిల్లా ఎన్నికల అధికారులతోనూ సంఘం ప్రత్యేకంగా సమావేశమైంది. తక్కువ పోలింగ్ నమోదవుతున్న 266 లోక్‌సభ స్థానాలను గుర్తించింది. వాటిలో 215 గ్రామీణ, 51 పట్టణ ప్రాంత స్థానాలు. అందరికీ ఒకే మందు పనిచేయదని, ప్రాంతాన్నిబట్టి, వర్గాన్నిబట్టి కార్యాచరణ ఉండాలని అప్పుడు సూచించింది.

సర్వేతో మొదలు

ఈ ఆలోచన కొత్తది కాదు. ఎన్నికల సంఘం 2009లో స్వీప్ పేరుతో ఓటరు విద్య, భాగస్వామ్య కార్యక్రమాన్ని చేపట్టింది. సమాచారం ఇవ్వడం, ప్రేరణ కలిగించడం, సౌకర్యం కల్పించడం అనే మూడింటిపై అది ఆధారపడుతుంది. దీనికి ప్రాతిపదికగా కేఏపీ సర్వేను ఎంచుకున్నారు. ఓటరుకు ఏం తెలుసు, ఏమనుకుంటున్నాడు, వాస్తవంలో ఏం చేస్తున్నాడు అన్న మూడు విషయాలను విడివిడిగా రాబట్టడం ఈ సర్వే ఉద్దేశం. ఎన్నికలకు ముందు ఒకసారి, తర్వాత మరోసారి చేసి, మధ్యలో సాగిన ప్రచారం వల్ల మార్పు వచ్చిందో లేదో సరిచూస్తారు.

ఈ మూడింటినీ వేరుచేయడంలోనే దీని విలువ ఉంది. ఓటు విలువ తెలియని వ్యక్తికి అవగాహన సదస్సు అవసరం. విలువ తెలిసినా తన ఒక్క ఓటుతో ఏం మారుతుందనుకునే వ్యక్తికి సదస్సు పనిచేయదు. విలువ తెలిసి, వేయాలన్న కోరికా ఉండి, పోలింగ్ కేంద్రం ఎక్కడో తెలియక ఆగిపోయిన వ్యక్తికి కావాల్సింది ఉపన్యాసం కాదు, చిరునామా. ముగ్గురూ పోలింగ్ శాతంలో ఒకేలా ‘రానివారు’గానే కనిపిస్తారు. చికిత్స మాత్రం ముగ్గురికీ వేరు.

సర్వేతోపాటు జిల్లా యంత్రాంగం వద్ద ఉన్న రికార్డులూ ఎంతో చెబుతాయి. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎందరు ఓటేశారన్నది ఫారం 17సీలో నమోదవుతుంది. గత మూడు, నాలుగు ఎన్నికల లెక్కలు పక్కపక్కన పెడితే ప్రతిసారీ అట్టడుగున ఉంటున్న కేంద్రాలు బయటపడతాయి. జనాభాలో ఓటర్ల నిష్పత్తి, స్త్రీ పురుష ఓటర్ల మధ్య తేడా, 18-19 ఏళ్లవారి నమోదు... ఈ మూడింటిని చూస్తే లోపం నమోదులో ఉందా, పోలింగులో ఉందా అన్నది స్పష్టమవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండినవారిలో సగం మంది పేర్లే జాబితాలోకి ఎక్కిన చోట పోలింగ్ రోజు ప్రచారం ఎంత చేసినా ఆ మిగతా సగానికి ఒరిగేది ఏమీ ఉండదు.

అడిగే తీరులోనే కిటుకు

సర్వే పేరుతో వెళ్లి ‘ఓటు వేయడం బాధ్యత అని భావిస్తున్నారా’ అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. ‘గత ఎన్నికల్లో ఓటేశారా’ అని అడిగినా వాస్తవం కంటే ఎక్కువ మంది వేశామనే చెబుతారు. నలుగురిలో తక్కువ కాకూడదన్న భావనతో ఇలా చెప్పడం ప్రపంచమంతటా సర్వేలు చేసేవారికి అనుభవమే. అలాంటి జవాబులను నమ్మి ప్రచారాన్ని తయారుచేస్తే మొదటికే మోసం వస్తుంది.

అడిగే పద్ధతి మారిస్తే జవాబు మారుతుంది. పోలింగ్ నాడు ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏం చేశారని అడగాలి. ఆ రోజు పనికి వెళ్లారా, యజమాని సెలవు ఇచ్చాడా, ఇచ్చినా కూలి ఇచ్చాడా అని అడగాలి. ఓటరు చీటీ ఇంటికి వచ్చిందా, ఎవరు తెచ్చి ఇచ్చారు, పోలింగ్ కేంద్రానికి ఎలా వెళ్లారు, వరుసలో ఎంతసేపు నిలబడ్డారు అని ఆరా తీయాలి. జరిగిన పని గురించి అడిగితే జనం జరిగింది చెబుతారు. అభిప్రాయం అడిగితే ఎదుటివారికి నచ్చేది చెబుతారు. ఇంట్లో పురుషుడిని అడిగి ఆడవారి సంగతి రాసుకోవడం, పగటిపూట మాత్రమే వెళ్లి పనికి పోయినవారిని వదిలేయడం ఇటువంటి సర్వేల్లో తరచూ కనిపించే లోపాలు. సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం పూట వెళితేనే కూలీలు, ఉద్యోగులు దొరుకుతారు. కూలీలను కలవాలంటే తెల్లవారగానే అడ్డాల వద్దకు వెళ్లడం మరో మార్గం.

రానివారా... లేనివారా?

నగరంలో స్థానిక పరిశోధన మొదట తేల్చాల్సింది మరొకటి ఉంది. జాబితాలో ఉన్నవారంతా నిజంగా అక్కడ ఉంటున్నారా అన్నది. ఉదాహరణకు ఒక పోలింగ్ కేంద్రం పరిధిలో వెయ్యి పేర్లున్నాయనుకుందాం. అందులో 150 మంది ఇల్లు మారారు. 20 మంది మరణించారు. 30 పేర్లు రెండుసార్లు నమోదయ్యాయి. అంటే వాస్తవంగా ఉన్నది 800 మంది. పోలింగ్ నాడు 450 మంది ఓటేస్తే కాగితంపై అది 45 శాతం. ఉన్నవారిలో లెక్కిస్తే 56 శాతం పైమాటే. ఇక్కడ పదకొండు శాతం తేడా ఉదాసీనతది కాదు, జాబితాది. ఇంటింటి పరిశీలనతో సరిదిద్దాల్సిన దానికి 2కే పరుగు పరిష్కారం కాబోదు. అయితే సవరణ పేరుతో ఉన్నవారి పేర్లు పోకుండా చూడటమూ అంతే అవసరం. తాళం వేసి ఉందని అద్దె ఇంటి ఓటరును తొలగిస్తే శాతం పెరుగుతుంది, ఓటు మాత్రం పోతుంది.

హైదరాబాద్‌కు ఉన్న ప్రత్యేకత ఇంకొకటి. ఇక్కడ పనిచేస్తూ సొంతూళ్లో ఓటు ఉంచుకున్నవారు లక్షల్లో ఉంటారు. 2024 మే 13న తెలంగాణ లోక్‌సభ స్థానాలకూ, ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ, లోక్‌సభ స్థానాలకూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. అంతకుముందు రెండు రోజులు విజయవాడ జాతీయ రహదారి వాహనాలతో కిక్కిరిసింది. బస్సులు, రైళ్లు నిండిపోయాయి. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81.86 శాతానికి చేరింది. వందల కిలోమీటర్లు సొంత ఖర్చుతో వెళ్లి ఓటేసినవారిని ఉదాసీనులని అనలేం. వారికి ఓటుపై ఆసక్తి ఉంది; అది బతుకుతున్న చోట లేదు, పుట్టిన ఊళ్లో ఉంది. స్థానిక సమస్యలపై స్థానికంగా ఓటు ఉండటం ఎందుకు మేలో చెప్పే ప్రచారం వీరికి అవసరం. రెండుచోట్ల పేరు ఉంచుకోవడం చట్టరీత్యా చెల్లదన్న సంగతీ అందులో భాగం కావాలి.

పట్టణాల్లో పోలింగ్ తగ్గడం హైదరాబాద్‌కే పరిమితం కాదు. 2024 శాసనసభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో దర్శి 90.91 శాతంతో మొదటి స్థానంలో నిలవగా, తిరుపతి 63.32 శాతంతో చివరన ఉంది. తెలంగాణలో 2023 శాసనసభ ఎన్నికల్లో మునుగోడులో 91 శాతం దాటగా, పాతబస్తీలోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా చేరలేదు.

వలసకు ప్రచారం మందు కాదు

కారణం తెలిశాక, అది ప్రచారంతో తీరేదా కాదా అన్నది విడదీయాలి. పాలమూరు నుంచి ముంబయి, పుణె ప్రాంతాలకు వెళ్లిన కూలీకి ఓటు విలువ తెలియక కాదు. రానుపోను ఖర్చులు, పోయే కూలి రోజులు లెక్కేసుకుంటాడు. వలస ఓటర్లు ఉన్నచోటి నుంచే ఓటేసేలా రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. 2023 జనవరిలో పార్టీలతో సమావేశం నిర్వహించగా పలు పక్షాలు అభ్యంతరం తెలిపాయి. 2024 ఎన్నికల్లో దాన్ని వినియోగించలేదు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిదీ ఇదే కథ. ప్రవాసులు ఫారం 6ఏతో పేరు నమోదు చేసుకోవచ్చు. ఓటు మాత్రం సొంత నియోజకవర్గానికి వచ్చి వేయాల్సిందే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 1,19,374 మంది ప్రవాస ఓటర్లు నమోదు కాగా, వచ్చి ఓటేసింది 2,958 మంది. వీడియోలు, పోస్టర్లు ఎన్ని వేసినా విమాన టికెట్టు ధర తగ్గదు. ఇలాంటిచోట జిల్లా యంత్రాంగం చేయగలిగింది, ఊళ్లో మిగిలిన కుటుంబ సభ్యుల, ముఖ్యంగా మహిళల నమోదు, పోలింగ్‌పై దృష్టి పెట్టడమే.

బిహార్ అనుభవం ఇందుకు దగ్గరగా ఉంటుంది. 2010 శాసనసభ ఎన్నికల నాటికి అక్కడ కేఏపీ సర్వే ఆధారంగా స్వీప్ కార్యక్రమాలు చేపట్టారు. మహిళలపై ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. ఆ ఎన్నికల్లో మహిళల పోలింగ్ 54.5 శాతం కాగా, పురుషులది 51.1 శాతం. ఆ తేడా ఒక్క ప్రచారం వల్లే వచ్చిందనలేం. పురుషుల వలస, పంచాయతీల్లో మహిళలకు దక్కిన రిజర్వేషన్లు, శాంతిభద్రతల పరిస్థితి కూడా పనిచేశాయి. 2025 ఎన్నికల్లో మహిళల పోలింగ్ 71 శాతం దాటగా, పురుషులది 63 శాతానికి లోపే ఉంది.

వందేళ్ల నాటి పాఠం

ఓటేయనివారిని అడిగి తెలుసుకోవడమనే పద్ధతికి నూరేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలోని షికాగోలో 1923 మేయర్ ఎన్నికల తర్వాత చార్లెస్ మెరియమ్, హెరాల్డ్ గాస్నెల్ అనే పరిశోధకులు ఓటేయని సుమారు 6 వేల మందిని ప్రశ్నించారు. అనారోగ్యం, ఊళ్లో లేకపోవడం, తెలియకపోవడం, ఆడవారికి ఓటెందుకన్న భావన, ఆసక్తి లేకపోవడం... ఇలా కారణాలను వర్గీకరించి 1924లో పుస్తకంగా తెచ్చారు. ఆ తర్వాత గాస్నెల్ ఓటర్లలో కొందరికి లేఖలు పంపి, మరికొందరికి పంపకుండా ఫలితాన్ని పోల్చారు. వలస వచ్చినవారు ఎక్కువగా ఉన్న వాడల్లో వారి భాషలోనే లేఖలు పంపారు. ముందు కారణం, తర్వాత ప్రచారం, ఆపై కొలత అన్న వరుస అప్పుడే ఏర్పడింది.

1998లో న్యూహేవెన్ నగరంలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ సుమారు 30 వేల మంది ఓటర్లపై ఈ పద్ధతిని మరింత పకడ్బందీగా అమలు చేశారు. మనిషి ఇంటికొచ్చి ముఖాముఖి మాట్లాడితే పోలింగ్ గణనీయంగా పెరిగింది. తపాలాలో వచ్చిన కరపత్రం ప్రభావం స్వల్పం. డబ్బులిచ్చి చేయించిన ఫోన్లు ఫలితమివ్వలేదు. ఈ నగరంలో రికార్డు చేసిన ఫోన్ సందేశాలను నమ్ముకునేవారు గమనించాల్సిన విషయమిది.

2008లో పెన్సిల్వేనియాలో డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ 2,87,228 మందితో మరో పరీక్ష జరిపారు. ఓటేయండని చెప్పడానికి బదులు మూడు చిన్న ప్రశ్నలు అడిగించారు. ఎన్ని గంటలకు వెళతారు, ఎక్కడి నుంచి బయల్దేరతారు, దానికి ముందు ఏం పనిలో ఉంటారు అని. ఈ ప్రశ్నలకు జవాబిచ్చే క్రమంలో ఓటరు తనకు తానే ఏర్పాటు చేసుకుంటాడు. ఫోన్‌లో దొరికినవారిలో నూటికి నలుగురు అదనంగా ఓటేశారు. ఇంట్లో ఒకే ఓటరు ఉన్నచోట ప్రభావం ఎక్కువగా కనిపించింది. హాస్టళ్లు, ఒంటరి గదుల్లో ఉండే యువతకు ఇది పనికొస్తుందా అన్నది ఇక్కడ పరీక్షించదగిన అంశం.

పొరుగుదేశంలోనూ ఓ పాఠం ఉంది. 2008 ఎన్నికలకు ముందు పాకిస్థాన్‌లోని సింధ్ గ్రామాల్లో గ్జావియర్ జినె, ఘజాలా మన్సూరీ జరిపిన అధ్యయనంలో మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఓటు ప్రాముఖ్యం, రహస్య ఓటింగ్ గురించి వివరించారు. విన్న మహిళల్లోనే కాక, ఇరుగుపొరుగున ఉండి నేరుగా వినని మహిళల్లోనూ పోలింగ్ పెరిగింది. గడపలో చెప్పిన మాట నీళ్ల కుళాయి దగ్గరకు, అక్కడి నుంచి పక్క వీధికి పాకుతుందన్నమాట.

అరువు ఆలోచనలతో జాగ్రత్త

విదేశంలో ఫలించిందని ప్రతిదాన్నీ తెచ్చి ఇక్కడ అమలు చేయడం ప్రమాదమే. 2006లో మిషిగన్‌లో సుమారు 1.8 లక్షల కుటుంబాలపై జరిగిన పరీక్షలో ఒక లేఖ అన్నింటికంటే బాగా పనిచేసింది. ఆ ఇంటివారూ, ఇరుగుపొరుగూ గత ఎన్నికల్లో ఓటేశారో లేదో అందులో రాసి, ఈసారి వివరాలూ అందరికీ పంపుతామని హెచ్చరించారు. ఏ లేఖా అందనివారిలో 29.7 శాతం ఓటేయగా, ఈ లేఖ అందినవారిలో 37.8 శాతం ఓటేశారు. అంకె ఘనంగానే ఉంది. కానీ కుల, రాజకీయ వర్గాలుగా విడిపోయిన వీధిలో ఎవరు రాలేదో చాటింపు వేస్తే అది చైతన్యం కాదు, ఒత్తిడి అవుతుంది. ఆ జాబితా పార్టీల కార్యకర్తల చేతికి చిక్కితే వేధింపులకు దారితీయవచ్చు.

మాటల గారడీనీ నమ్మడానికి లేదు. ‘ఓటు వేయండి’ అనడం కంటే ‘ఓటరుగా ఉండండి’ అంటే ఎక్కువ మంది వస్తారని 2011లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రకటించింది. 2016లో మరింత విస్తృతంగా పరీక్షిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఒక దేశంలోనే ఒక ఎన్నిక నుంచి మరో ఎన్నికకు నిలవని ఫలితాన్ని పరీక్షించకుండా మన బస్తీల్లోకి తేవడం వల్ల ఉపయోగం ఉండదు. విదేశీ అధ్యయనాల నుంచి తీసుకోవాల్సింది నినాదాన్ని కాదు, పరీక్షించే పద్ధతిని.

జిల్లాలో ఎలా చేయవచ్చు?

మొదట, వరుసగా వెనుకబడిన వంద పోలింగ్ కేంద్రాలను గుర్తించాలి. వాటిని అపార్టుమెంట్లు, బస్తీలు, అద్దె ఇళ్ల కాలనీలు, పాత వీధులు అని విభజించాలి. ప్రతి విభాగంలో కొన్ని ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకుని, రానివారితో మాట్లాడాలి. ఇష్టం వచ్చిన ఇళ్లకు వెళితే తలుపు తీసేవారి కథే తెలుస్తుంది.

రెండో దశలో కారణానికి తగ్గ చర్య తీసుకోవాలి. కూలి పోతుందన్న భయం ఉన్నచోట పోస్టర్ అంటించాల్సింది కూలీ ఇంటి గోడపై కాదు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, దుకాణ యజమానుల వద్ద. పోలింగ్ నాడు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 135బి సెక్షన్ చెబుతోంది. ఇది రోజు కూలీలకూ వర్తిస్తుంది. పేరు ఎక్కడుందో తెలియనివారికి బీఎల్వో ఇచ్చే చీటీ వారం ముందే అందాలి. తలుపులు తీయని అపార్టుమెంట్లలో నివాసితుల సంక్షేమ సంఘం, వాచ్‌మన్ సాయం లేకుండా బీఎల్వో లోపలికి వెళ్లలేరు. మహిళలు తక్కువగా వస్తున్న వీధుల్లో స్వయం సహాయక సంఘాల సభ్యులు, అంగన్‌వాడీ టీచర్లు మాట్లాడితే వింటారు. పరిచయం లేని ప్రముఖుడి వీడియో కంటే వీధిలోని మనిషి మాటకు విలువ ఎక్కువ. వరుసలో గంటల తరబడి నిలబడాల్సి వస్తుందన్న ఫిర్యాదు ఉంటే కేంద్రాల సంఖ్య పెంచాలి. ఒక్కో కేంద్రానికి ఓటర్ల పరిమితిని 1,500 నుంచి 1,200కు తగ్గించాలని ఎన్నికల సంఘం 2025లో నిర్ణయించడం ఇందుకు తోడ్పడే చర్యే.

మూడోది కొలత. వంద కేంద్రాలను చీటీలు తీసి రెండు భాగాలు చేయాలి. యాభై కేంద్రాల్లో ఇంటింటికీ వెళ్లి, చీటీ ఇచ్చి, ఎన్ని గంటలకు వెళతారని అడగాలి. మిగిలిన యాభైలో ఎప్పటిలాగే వదిలేయాలి. పోలింగ్ ముగిశాక రెండింటి శాతాలను పోల్చాలి. చీటీల ద్వారా విభజించారు కనుక, మిగతా పరిస్థితులు రెండు వైపులా సగటున ఒకేలా ఉంటాయి; తేడా ఉంటే అది చేసిన పని ఫలితమే. ఒక్కో ఓటరును కలవడానికి 20 రూపాయలు ఖర్చయి, వెయ్యి మందిలో 30 మంది అదనంగా వచ్చారనుకుంటే ఒక్కో అదనపు ఓటుకు సుమారు 670 రూపాయలు పడినట్లు. ర్యాలీకి, హోర్డింగుకు అయిన ఖర్చును కూడా ఇదే లెక్కన చూసినప్పుడే ఏది మేలో తెలుస్తుంది. ప్రస్తుతం ఎన్ని కార్యక్రమాలు జరిపారు, ఎందరు పాల్గొన్నారు అన్న లెక్కే నివేదికలకెక్కుతుంది. ర్యాలీకి వచ్చిన విద్యార్థుల్లో చాలామందికి ఓటు వయసే ఉండదు.

హద్దులు తప్పనిసరి

ఓటరు అధ్యయనం రెండువైపులా పదునున్న కత్తి. ఎవరు రావడం లేదో, ఎందుకు రావడం లేదో తెలిసిన యంత్రాంగం వారిని రప్పించగలదు. అదే సమాచారం పక్షపాతి చేతిలో పడితే కొన్ని వీధులను ప్రోత్సహించి, కొన్నింటిని నిరుత్సాహపరచడానికీ వాడవచ్చు. కాబట్టి సర్వే పత్రాల్లో ఏ పార్టీకి ఓటేశారన్న ప్రశ్న ఉండకూడదు. పేర్లు, ఫోన్ నంబర్లు జవాబుల నుంచి వేరుచేసి భద్రపరచాలి. కేంద్రాల ఎంపిక జాబితాను, ఫలితాలను బహిరంగంగా ఉంచితే అనుమానాలకు తావుండదు. ఓటేయకపోవడమూ పౌరుడి నిర్ణయమేనని, దానికి శిక్ష, బెదిరింపు ఉండవని సర్వేకు వెళ్లినవారు ముందే చెప్పాలి. అభ్యర్థులెవరూ నచ్చనివారికి 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా మీట ఉందన్న సంగతి గుర్తుచేస్తే చాలు.

తదుపరి ఎన్నికల దాకా ఆగి, నోటిఫికేషన్ వెలువడిన నెలలో సర్వేకు దిగితే సమయం చాలదు. పేరు నమోదు, చిరునామా మార్పు, కేంద్రాల సర్దుబాటు అన్నీ ముందుగా జరగాల్సినవే. ఎన్నికలు లేని సంవత్సరంలో అడిగి తెలుసుకున్నదే ఎన్నికల సంవత్సరంలో అక్కరకు వస్తుంది.

ఓటరుకు ఉపయోగపడే అంశాలు

* కొత్తగా పేరు నమోదుకు ఫారం 6. ఇల్లు మారినా, వివరాల్లో తప్పులున్నా ఫారం 8. తొలగింపునకు ఫారం 7.

* 2022 ఆగస్టు నుంచి ఏటా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు అర్హత తేదీలు. 17 ఏళ్లు నిండినవారు ముందస్తుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

* శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారు ఇంటి నుంచే ఓటేయవచ్చు. నోటిఫికేషన్ వెలువడిన 5 రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి.

* ఓటరు చీటీ ఒక్కటే గుర్తింపుగా చెల్లదు. ఓటరు గుర్తింపు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు సహా ఎన్నికల సంఘం సూచించిన ప్రత్యామ్నాయ పత్రాల్లో ఒకటి చూపాలి.

* జాబితాలో పేరు, పోలింగ్ కేంద్రం వివరాలకు 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.